చెప్పులు విప్పి నడిచే దారి

అనకాపల్లి రోడ్ల పటంలో నేను గీసిన గీతల్లో ఒకటి తప్పు. ఎన్ని వందల గీతలు గీశానో నాకే తెలీదు. అందులో ఒకే ఒక్కటి తప్పు, అదీ గోరంత పొడవుంటుంది. ఆ గీతని నమ్మి, గుండెనొప్పితో ఉన్న మా బావని ఆటోలో వేసుకుని ఒక సందులోకి తిప్పించాను. బావ బతకలేదు. ఈ సంగతి మా అక్కకి చెప్పడానికి నాకు నలభై రోజులు పట్టింది. అసలు చెప్పకుండానే గడిపేద్దామని చూశాను. నేను అంత పిరికివాణ్ణని అంతకుముందు నాకు తెలీదు.

నేను లెక్కల మాస్టారిని. ఇంటర్ పిల్లలకి పాఠాలు చెప్తాను. యాభయ్యో పడి దగ్గరపడుతుంటే నాకు పీహెచ్‌డీ చెయ్యాలని బుద్ధి పుట్టింది. ముసలోడికి దసరా పండగ అని స్టాఫ్ రూమ్‌లో నవ్వారు. నవ్విన నాపచేనే పండుతుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నేను ఎంచుకున్న విషయం ఫ్రాక్టల్ జ్యామితితో ఊరి రోడ్లని కొలవడం. పేరు వింటే గాభరా పుడుతుంది గానీ పని చాలా చిన్నది. ఊరి పటం మీద గళ్ళ కాగితం పరవాలి. రోడ్లు ఎన్ని గళ్ళని తాకాయో లెక్కపెట్టాలి. తర్వాత గళ్ళని సగానికి సగం చిన్నవి చేసి మళ్ళీ లెక్కపెట్టాలి. ఇంకా చిన్నవి చేసి ఇంకోసారి. గడి చిన్నదవుతున్న కొద్దీ లెక్క ఎంత జోరుగా పెరుగుతుందో చూస్తే ఆ ఊరికి ఒక అంకె వస్తుంది. అది ఒకటికీ రెండుకీ మధ్య ఉంటుంది. ఒకటంటే, పొలాల మధ్య తిన్నగా పోయే ఒంటరి దారి. రెండంటే, వాకిలి అలికినట్టు నేలంతా దారే. రోలుగుంట వైపు కొండల కిందికి వెళ్తే దారులు ఒకటికి దగ్గరగా ఉంటాయి. మా పాత ఊరి సందులు మాత్రం రెండు వైపు దేకుతుంటాయి.

కంప్యూటర్లో దొరికే పటంలో పెద్ద రోడ్లే ఉన్నాయి. పాత ఊళ్ళోకి వచ్చేసరికి ఇళ్ళ పైకప్పులు తప్ప ఏమీ కనపడవు. సందులన్నీ కాళ్ళతో నడిచి గీసుకోవాలి. నాకా, నాలుగు పెద్ద వీధులు దాటితే దారి తెలీదు. అప్పుడు మా అక్క అంది, "మీ బావ ఉన్నాడు గదరా, ఆయన్నడుగు. ఈ ఊరిలో ఆయన ఎల్లని గుమ్మం లేదు."

నిజమే. బావ కరెంటు మీటర్లు చదివేవాడు. ముప్పై ఏళ్ళు అదే పని. మీటరు వీధిలో ఉండదు, ఇంటి లోపల ఎక్కడో మెట్ల కిందో, వంటింటి గోడకో ఉంటుంది. కాబట్టి ఆయనకి సందులే కాదు, ఇళ్ళ లోపలి దారులూ తెలుసు. పదో తరగతి తప్పిన మనిషి. ఆ సంగతి ఆయన ఎప్పుడూ దాచుకోలేదు, నేనెప్పుడూ మర్చిపోలేదు. ఇప్పుడు తలుచుకుంటే నాకు సిగ్గుగా ఉంది.

అప్పటికే ఆయన గుండెకి స్టెంటు వేసి ఏడాదైంది. నొప్పి అంటూ వస్తే క్షణం ఆలస్యం చెయ్యొద్దని డాక్టరు అక్కనీ నన్నూ ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాడు. వాళ్ళకి పిల్లలు లేరు. ఆస్పత్రి మెట్లు దిగుతూ అక్క నా చెయ్యి పట్టుకుంది. "పక్క ఈదిలోనే ఉన్నావు. ఏటైనా అయితే బేగి తీసుకెల్లాల్సింది నువ్వేరా. నాకు ఇంకెవరూ లేరు," అంది. సరేనన్నాను. అంత సులువుగా ఒప్పుకున్నాను.

ఆ చలికాలమంతా ఆదివారాలు పొద్దున్నే బావా నేనూ బయల్దేరేవాళ్ళం. డాక్టరు ఎలాగూ నడవమన్నాడు, ఇదొక సాకు. ముందు ఆయన, వెనక అట్టకి కాగితాలు బిగించుకుని నేను. ఆయన ప్రతి సందు దగ్గరా ఆగి కథ చెప్పేవాడు. ఈ ఇంటి మీటరు తలకిందులుగా బిగించారు, ఆ ఇంట్లో కుక్క తన ప్యాంటు చింపింది, ఇక్కడ ఒకావిడ మజ్జిగ ఇవ్వకుండా పంపేది కాదు. నాకు కథలతో పని లేదు. "బావా, ఈ సందు అవతలికి కలుస్తుందా లేదా, అది చెప్పు చాలు," అనేవాణ్ణి. "కలుత్తాదిరా, నీ తొందర తగలెయ్య," అని నవ్వేవాడు.

ఒకరోజు ఒక బెల్లం వ్యాపారి గారి ఇంటి ముందుకి వచ్చాం. పాతకాలపు పొడుగిల్లు. ముందు గుమ్మం సందు చివర ఉంటుంది, వెనక గుమ్మం అవతలి పెద్ద రోడ్డులోకి తెరుచుకుంటుంది. మధ్యలో పొడుగ్గా నడవ. పొద్దున్న తీసిన తలుపులు పొద్దుగూకేదాకా వెయ్యరు. చుట్టుపక్కల వాళ్ళందరికీ పెద్ద రోడ్డు మీదికి అదే అడ్డదారి. బడి పిల్లలు, మార్కెట్టులో మూటలు మోసే కళాసీలు, కూరలకెళ్ళే ఆడవాళ్ళు, అందరూ ఆ నడవలోంచే వెళ్ళేవారు. ఎవరూ ఎవర్నీ అడిగేది లేదు. ఒకటే పద్ధతి. గుమ్మం ఎక్కేముందు చెప్పులు విప్పి చేత్తో పట్టుకోవాలి, అవతల దిగాక వేసుకోవాలి.

బావ వంగి చెప్పులు తీసుకున్నాడు. నేనూ తీసుకున్నాను. లోపల ఒక ముసలావిడ చింతపండు గింజలు తీస్తూ తలెత్తకుండానే "ఎవరూ?" అంది. "మీటరు!" అన్నాడు బావ. రిటైరై మూడేళ్ళైంది, అయినా అదే జవాబు. ఆవిడ నవ్వింది. పది పన్నెండు అంగలు వేసేసరికి పెద్ద రోడ్డు మీద ఉన్నాం. ఎదురుగా బావకి స్టెంటు వేసిన ఆస్పత్రి. నాకు భలే సంబరమైంది. మూసుకుపోయిందనుకున్న సందు అవతలికి తెరుచుకుంది. అక్కడే నిలబడి కాగితం మీద గీత గీసేశాను.

బావ నా కాగితంలోకి తొంగి చూశాడు. "ఇదేటి, వాళ్ళ నడవని రోడ్డులాగ గీసేసేవు?"

"జనం నడుస్తున్నారుగా బావా. నడిచేది దారే."

"సెప్పులు ఇప్పి నడిసేది దారెలగవుద్దిరా? అది ఇల్లు. వాళ్ళు పోనీలే అని ఎల్లనిత్తన్నారు. రేపు వద్దంటే వద్దు."

"రేపటి సంగతి రేపు."

"పోనీ ఇది సెప్పు. పూడిమడక నుంచి సేపలు తెచ్చే ఆవిడ ఉంది గదా, ఆవిణ్ణి ఇందులోంచి ఎల్లనివ్వరు. కోమట్ల ఇల్లు. పాపం గంప నెత్తినెట్టుకుని ఊరంతా సుట్టు తిరిగి ఎల్తాది. సేపల గంపని ఆపేది రోడ్డేటిరా బావా?"

ఇప్పుడు రాస్తుంటే ఎంత చక్కగా చెప్పాడో తెలుస్తోంది. ఏది రోడ్డో ఏది కాదో తేల్చడానికి నేను చదివిన పుస్తకాల్లో అంత సూటి మాట నాకు కనపడలేదు. ఆ రోజు మాత్రం చిరాకు పడ్డాను. "నీకు ఇవన్నీ అర్థం కావులే బావా, ఇది లెక్క," అన్నాను. బావ చెప్పులు కింద పడేసి కాళ్ళు దూర్చుకుని ముందుకి నడిచాడు. కాస్త దూరం పోయాక మాత్రం, "మీటరైతే ఒకసారి సదివితే సరిపోదు, నెల నెలా సదవాల. నీ రోడ్లు ఒక్కసారికే అయిపోతాయేటి?" అన్నాడు. వేళాకోళమనుకున్నాను.

ఏడాది పైగా గడిచింది. పటం పూర్తయింది. గళ్ళ లెక్కలు కంప్యూటర్లో వేసుకుంటున్నాను. ఆ రోజుల్లో బావ సాయంత్రం పూట వచ్చి నా గదిలో టీ తాగి వెళ్ళేవాడు. నేను స్క్రీను వైపు చూస్తూనే ఊఁ కొట్టేవాణ్ణి. ఒకనాడు ఏదో చెప్పాడు. ఆ ముసలావిడ పోయిందనీ, కొడుకులు వాటాలు వేసుకున్నారనీ, నడవకి అడ్డంగా గోడ లేపేశారనీ. "ఇంక అటెల్లే పని లేదు. నీ గీత సెరిపేసుకో," అన్నాడు. నేను "ఆఁ ఆఁ, సరే బావా" అన్నాను. చెవులు విన్నాయి, నేను వినలేదు. విని ఉంటే మాత్రం చెరిపేవాణ్ణా? ఒక గీత చెరిపితే అన్ని గళ్ళూ మళ్ళీ లెక్కపెట్టాలి. బద్ధకం.

ఆ ఏడు ఉగాదికి ముందొచ్చే కొత్త అమావాస్య వెళ్ళాక వచ్చిన ఆదివారం. నూకాలమ్మ జాతర జనంతో ఊరు కిటకిటలాడుతోంది. అక్క పొద్దున్నే ఇరుగుపొరుగు ఆడవాళ్ళతో కలిసి అమ్మవారికి ముడుపు చెల్లించడానికి వెళ్ళింది. బావ ఆరోగ్యం కోసమే ఆ ముడుపు. తొమ్మిదిన్నర దాటాక నాకు ఫోనొచ్చింది. "బావా, ఓసారి వత్తావేటి? గుండెల్లో బరువుగా ఉంది," అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. పరుగెత్తాను. అరుగు మీద కూర్చుని ఉన్నాడు, చొక్కా తడిసిపోయింది. వీధి మొదట స్టాండులో తెలిసిన ఆటో అతనే ఉన్నాడు. ఎక్కించాం.

రెండు వీధులు బాగానే వెళ్ళాం. మూడో మలుపు దగ్గర ముందంతా జనం, బళ్ళు, డప్పులు. ఆటో అతను వెనక్కి తిరిగి, "ఎలగెల్దాం సార్? జంక్షన్ దాకా ఇలగే ఉండీలాగుంది," అన్నాడు.

నా బుర్రలో పటం పరుచుకుంది. ఎడమకి సందు, సందు చివర నడవ, నడవ దాటితే ఆస్పత్రి. సందు చివరిదాకా ఆటో, అక్కణ్ణుంచి ఆ ఇంట్లో ఒక కుర్చీ అడిగి ఇద్దరం మోసుకుపోతే పది అంగలు. ఈ ఊళ్ళో అంతకంటే దగ్గర దారి ఇంకొకటి లేదని నాకు తెలుసు. నేను కొలిచాను.

"ఎడమకి తిప్పు," అన్నాను.

బావ నా మోచెయ్యి పట్టుకున్నాడు. "కాదు... తిన్నగా..."

"నువ్వు మాట్లాడకు బావా, ఆయాసం వస్తుంది."

"అటొద్దురా. తిన్నగా పోనీ."

ఆటో అతను సందేహించాడు. "నేను చెప్తున్నాగా, తిప్పవయ్యా!" అని అరిచాను. తిప్పాడు. బావ ఇంకోసారి చెయ్యెత్తి ముందుకి చూపించాడు, ఆ చెయ్యి నేనే దించేశాను. ప్రేమగానే దించాను. ఏం ప్రేమ, నా బొంద!

సందు చివర తలుపు ఎప్పట్లాగే తీసి ఉంది. హమ్మయ్య అనుకున్నాను. ఆటో దిగి పరుగెత్తి, గుమ్మం ముందు చెప్పులు విప్పాను. అంత తొందరలోనూ విప్పాను. చేత్తో పట్టుకుని లోపలికెళ్ళాను. అయిదు అంగలు వేశానో లేదో ఎదురుగా గోడ. సిమెంటు పూత కూడా లేదు, ఇటుకలు కనపడుతున్నాయి. లోపల్నుంచి ఒకావిడ వచ్చి, "ఇటు దారి లేదండీ. అటు మా మరిది గారి వాటా. గోడ కట్టేసి చాన్నాళ్ళైంది," అంది. అప్పుడు గుర్తొచ్చింది. టీ గ్లాసు, బావ గొంతు, నీ గీత సెరిపేసుకో అన్న మాట, నా ఆఁ ఆఁ.

చెప్పులు ఎక్కడ వదిలేశానో తెలీదు. బయటికొచ్చేసరికి ఆటో వెనక ఒక వ్యాను నిలబడి ఉంది, షామియానా గుడ్డలూ కుర్చీలూ వేసుకుని. ఎవరింట్లోనో ఫంక్షను. డ్రైవరు లేడు, సామాను దింపే ఇల్లు వెతుక్కోవడానికి వెళ్ళాడట. ఆటో అతనూ నేనూ కేకలు వేశాం. నలుగురు పోగయ్యారు. డ్రైవరు వచ్చి, వ్యాను వెనక్కి తీసి, మా ఆటో వెనక్కి వెళ్ళేసరికి పావుగంట పట్టిందో, ఇరవై నిమిషాలో. నేను బావ పక్కన కూర్చుని వీపు రాస్తున్నాను. ఆయన కోప్పడలేదు. కళ్ళు దించి నా కాళ్ళ వైపు చూశాడు. "సెప్పులురా... సెప్పులు మర్సిపోయేవు," అన్నాడు.

ఆ తర్వాత మాట్లాడలేదు. సందులోంచి బయటపడి తిన్నగా వెళ్ళాం. జాతర జనాన్ని పోలీసులు పక్క దారికి మళ్ళించేశారు, రోడ్డు ఖాళీగా ఉంది. ఆస్పత్రి ముందు ఆటో ఆగేసరికి బావ తల నా భుజం మీద వాలిపోయి ఉంది. డాక్టరు చూసి, కాస్త ముందు తెచ్చి ఉంటే అని ఆగి, నా మొహం చూసి, "ముందు తెచ్చినా చెప్పలేం లెండి," అన్నాడు. ఆ రెండో మాటని పట్టుకుని ఎన్నో రాత్రులు నిద్రపోవాలని చూశాను.

అక్క కుంకుమ పొట్లంతో తిన్నగా గుడి నుంచి వచ్చింది. ఆ ఏడుపు నేను రాయలేను. సాయంత్రం అన్నీ అయిపోయి ఇంటికొచ్చాక, కాళ్ళు కడుక్కోమని నీళ్ళిస్తూ నా పాదాల వంక చూసింది. "నీ సెప్పులేవిరా?" అంది. "ఆస్పత్రిలో పోయాయక్కా," అన్నాను. "జనంలో దారి దొరకలేదేటి?" అంది. "జాతర గదా," అన్నాను. రెండు అబద్ధాలు, వరసగా, తడుముకోకుండా.

పెద్ద కర్మ అయ్యాక చాలా రోజులు కంప్యూటరు తెరవలేదు. తెరిచిన రోజున మొట్టమొదట ఆ గీత చెరిపాను. ఒక్క నొక్కు, పోయింది. మళ్ళీ మొదట్నుంచీ గళ్ళు లెక్కపెట్టాను. బావకి నేను బాకీ ఉన్న పని అదొక్కటే అనిపించింది. పెద్ద గళ్ళ దగ్గర తేడా లేదు, ఆ గడిలో ఇంకా బోలెడు సందులున్నాయి. చిన్న గళ్ళకి వచ్చేసరికి నాలుగైదు తగ్గాయి. చివరికి ఊరి అంకె తీశాను. మారలేదు. నేను థీసిస్‌లో రాసే రెండు దశాంశ స్థానాల్లో ఒక్క అంకె కూడా కదల్లేదు.

నా గైడుకి ఫోన్ చేసి, ఒక గీత తప్పు పడింది, తీసేశాను, అంకె మారలేదు అన్నాను. ఆయన సంతోషించాడు. "ఇంకేం, మంచిదేగా! మీ పద్ధతి నిలకడగా ఉందన్నమాట. ఒక చిన్న సందు ఉన్నా లేకపోయినా ఊరికి తేడా రాదు. ఆ మాటే ఒక పేరాగా రాసెయ్యండి," అన్నాడు. ఆయన తప్పేం లేదు, ఆయనకి ఏం తెలుసు. ఫోన్ పెట్టేసి బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. అన్నాళ్ళకి అప్పుడే మొదటిసారి ఏడవడం. ఆ అంకె కాస్తయినా మారి ఉంటే బాగుండేది. మనిషి పోయాడు, లెక్కకి చీమ కుట్టినట్టైనా లేదు.

ఇక ఉండబట్టలేదు. అప్పటికప్పుడు అక్క దగ్గరికి వెళ్ళాను. మధ్యాహ్నం మూడు గంటలు. అక్క గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఎదురుగా నేల మీద కూర్చుని అంతా చెప్పేశాను. గీత, నడవ, బావ ముందే చెప్పిన గోడ, సందు, వ్యాను. చెప్పులు ఆస్పత్రిలో పోలేదని కూడా చెప్పాను. అక్క చేట కింద పెట్టలేదు. నేను చెప్పడం అయ్యాక, "అదిగో, అటు సూడు," అంది.

అరుగు మూల, బావ చెప్పుల పక్కన, నా చెప్పులున్నాయి. ఈ నలభై రోజుల్లో ఎన్నిసార్లు ఆ అరుగు ఎక్కి దిగానో. రెండు జతలూ బావవే అనుకున్నాను. అనుకోవడం కూడా కాదు, చూడలేదు.

"మూడో రోజున ఆటో అబ్బాయి తెచ్చిచ్చేడు. అంతా సెప్పేడు," అంది అక్క. "నీ నోటితో ఎప్పుడు సెప్తావా అని సూత్తన్నాను."

"తప్పయిపోయిందక్కా. గోడ కట్టారని నాకు..."

"గోడ నువ్వు కట్టలేదు గదరా. గోడ మాట కాదు." చేటలో వేళ్ళు ఆగాయి. "ఆయన తిన్నగా పొమ్మన్నాడంట గదా?"

"అన్నాడు."

"రెండు సార్లు సెప్పి, మూడోసారి సెయ్యెత్తి సూపించేడంట గదా?"

"చూపించాడు."

"ముప్పై యేళ్ళు ఆ సందుల్లోనే తిరిగినోడు. ప్రాణం పోతా కూడా దారి సెప్తంటే ఇనలేదు నువ్వు. ఎందుకు ఇనలేదురా? ఆయనకి సదువు లేదనే గదా?"

కాదక్కా అందామని నోరు తెరిచాను. కానీ అదే నిజం. నీకు ఇవన్నీ అర్థం కావులే బావా అని నేనన్నది ఒక్క ఆ రోజే కాదు.

అక్క లేచింది. చీర మీద పడ్డ నూకలు దులుపుకుంది. "నీ సెప్పులు తీసుకెల్లు. కొన్నాళ్ళు ఇటు రాకురా," అంది. కోపంగా అనలేదు. అలిసిపోయిన గొంతుతో అంది.

నేను అరుగు దిగి చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటుంటే వెనక గడియ చప్పుడైంది. పట్టపగలు ఆ ఇంటి తలుపు మూసి ఉండగా చూడడం నాకు అదే మొదలు.